చేతి రేడియో స్కానర్ ఎంపిక: వినదలచిన విద్యార్థికి కొన్ని సూచనలు

గోలకొండ కోటను చూచిన విద్యార్థులందరికీ ఒక విషయం జ్ఞాపకముండును. ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలిచి ఒకరు చేతులు చరచినచో, సుమారు కిలోమీటరు దూరాన కొండ శిఖరం మీదనున్న బాలాహిస్సారులో ఆ చప్పుడు వినబడును. నిర్మించిన వారి నేర్పు గొప్పదే. కాని ఇందులో గమనింపవలసినది మరొకటి కలదు. ఆ చప్పుడు కోటలో అన్ని చోట్లా ఒకే విధంగా వినబడదు. తగిన చోట నిలిచి చెవి యొగ్గిన వానికే అది అందును. దూరం నుండి వినుట అను విద్యకంతటికీ ఇదియే మూలసూత్రం. ఏమి వినవలెనో, ఎక్కడ నిలిచి వినవలెనో తెలిసిన పిమ్మటనే యంత్రం మాట రావలెను.

ఈ వ్యాసం వ్రాయుటకు ఒక కారణమున్నది. గత విద్యాసంవత్సరంలో మన విద్యార్థి ఒకడు 'స్కానర్' అన్న పేరుతో అమ్మిన చేతి సెట్టు ఒకటి కొని ప్రయోగశాలకు తెచ్చినాడు. చిన్న పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకొన్న సొమ్ముతో కొన్న వస్తువది. దగ్గరలో జరుగు ప్రసారాలన్నీ దానిలో వినవచ్చునని అమ్మినవారు చెప్పిరట. మూడు రోజులు మేడమీద నిలిచి విన్నాడు. గరగర శబ్దం తప్ప మరేమియు వినబడలేదు. నాల్గవ రోజున నా యొద్దకు వచ్చి, "సార్, ఈ మీట దేనికి?" అని ప్రక్కనున్న మీట నొక్కి చూపినాడు. ఎర్ర దీపం వెలిగినది. అది వినుటకు మాత్రమే పనికివచ్చు గ్రాహకం కాదు. ప్రసారం కూడ చేయగల వాకీటాకీ. ఆ క్షణంలో ఆ అబ్బాయి అనుమతి లేకుండ, ఎవరికి చెందిన పౌనఃపున్యమో తెలియకుండ, ఆకాశంలోనికి తన మాటను పంపినాడు.

విషయం కళాశాల కమిటీ దృష్టికి వచ్చినది. ఆవరణలోనికి ఏ విధమైన వైర్‌లెస్ పరికరమూ తేరాదని ఉత్తర్వు వెలువడినది. సెట్టు నేటికీ ప్రయోగశాల బీరువాలో తాళం క్రింద ఉన్నది. కమిటీవారి ఆందోళన న్యాయమైనదే. విద్యార్థి కుతూహలమూ న్యాయమైనదే. తప్పంతయు అతనిదన్నచో అది సగం నిజమే. ఏమి కొనవలెనో, ఏమి కొనరాదో ముందుగా చెప్పని ఉపాధ్యాయులది మిగిలిన సగం. ఆ సగాన్ని తీర్చుటకే ఈ ప్రయత్నం.

స్కానర్ అనగానేమి?

సాధారణ రేడియోలో మనం ఒక కేంద్రాన్ని ఎన్నుకొని దానిని వినుచుందుము. ఆకాశవాణి ప్రసారం గంటల తరబడి సాగును గనుక ఇది సాధ్యం. కాని రెండు వైపులా మాటలు నడచు వైర్‌లెస్ సంభాషణల స్వభావం వేరు. విమానచాలకుడు, నౌకాధికారి, అమెచ్యూర్ రేడియో అభిమాని మూడు నాలుగు క్షణాలు మాట్లాడి ఆగుదురు. తరువాత నిమిషాల కొలది నిశ్శబ్దం. ఇట్టి పౌనఃపున్యాలు ఇరవై ఉన్నచో, మనిషి చేతితో తిప్పుచు కూర్చుండుట వ్యర్థం.

స్కానర్ ఈ పనిని తానే చేయును. జ్ఞాపకంలో నిలిపిన పౌనఃపున్యాలను ఒకదాని తరువాత ఒకటిగా అతి వేగంగా పరీక్షించును. నిశ్శబ్దంగా ఉన్నదానిని దాటిపోవును. సంకేతం కనబడినచోట ఆగి వినిపించును. మాట ముగిసిన పిమ్మట ఒకటి రెండు క్షణాలు నిరీక్షించి మరల బయలుదేరును. నిశ్శబ్దమును, సంకేతమును వేరుచేయు ఏర్పాటునకు స్క్వెల్చ్ అని పేరు. 1970 ప్రాంతాల స్కానర్లలో ప్రతి పౌనఃపున్యానికీ విడిగా ఒక్కొక్క స్ఫటికాన్ని అమర్చవలసి వచ్చెడిది. పది స్థానాలు వినుటకు పది స్ఫటికాలు. తరువాత ఒకే స్ఫటికం ఆధారంగా అనేక పౌనఃపున్యాలను పుట్టించు సింథసైజర్ వలయాలు వచ్చినవి. వందల కొలది స్థానాలు గల యంత్రం అరచేతిలో ఇమిడినది.

మొదటి ప్రశ్న: ఏమి వినదలచితిమి?

అంగడికి పోవుటకు ముందు విద్యార్థి ఒక కాగితం మీద తాను వినదలచిన వానిని వ్రాసికొనవలెను. ప్రతి సేవకూ ఆకాశంలో ఒక వీధి కేటాయింపబడి యున్నది. ఆ వీధి సెట్టులో లేనిచో తక్కిన హంగులన్నీ నిష్ప్రయోజనం.

ఎఫ్.ఎం. ప్రసారాలు 88 నుండి 108 మెగాహెర్ట్జ్ వరకు గలవు. హైదరాబాదు ఎఫ్.ఎం. రెయిన్‌బో 101.9 వద్దను, 2008లో జహీరాబాదు సమీపాన మాచనూరులో గ్రామీణ స్త్రీలు ప్రారంభించిన సంఘం రేడియో 90.4 వద్దను ఈ వీధిలోనివే. విమానాలకు, విమానాశ్రయాలకు నడుమ సాగు సంభాషణలు 118 నుండి 137 మెగాహెర్ట్జ్ వరకు నడచును. అమెచ్యూర్ రేడియో వారికి మన దేశంలో 144 నుండి 146 వరకు ఒక వీధి ఉన్నది. దీనినే రెండు మీటర్ల పట్టీ అందురు. సముద్రం మీది నౌకలు 156 నుండి 162 వరకు గల పట్టీని వాడును, అందులో 156.8 మెగాహెర్ట్జ్ ఆపదలో పిలుచుటకు ప్రపంచమంతటా నిర్ణయింపబడినది. విశాఖపట్నం, కాకినాడ విద్యార్థులకు దీనిని గూర్చి తెలిసియుండుట మంచిది. హైదరాబాదులో నౌకలు లేవు గనుక ఇక్కడివారు దానికై సొమ్ము వెచ్చింప నక్కరలేదు.

పాత పుస్తకాలను నమ్మి జాబితా వ్రాయరాదు. 137 మెగాహెర్ట్జ్ వద్ద మేఘాల చిత్రాలు పంపుచుండిన అమెరికా దేశపు నోవా వాతావరణ ఉపగ్రహాలు చాలకాలం విద్యార్థులకు ప్రియమైనవి. చేతి గ్రాహకంతోనే ఆ సంకేతాలను పట్టగలిగెడివారు. వానిలో చివరివి కూడ 2025లో ఆపివేయబడినవి. వాటికొరకే నేడు సెట్టు కొన్నవానికి నిరాశ తప్పదు.

చెవిన పడినదెల్లా మనది కాదు

ఇక రెండవ ప్రశ్న. వినగలుగుట వేరు, వినుటకు అర్హత కలిగియుండుట వేరు. ప్రక్కింటి కిటికీ తెరచి యున్నంత మాత్రాన లోపలి మాటలు మనకొరకు పలికినవి కావు.

మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం అనుమతి లేకుండ వైర్‌లెస్ పరికరం కలిగియుండుటనే నిషేధించినది. పెద్దవారికి జ్ఞాపకముండును, ఒకప్పుడు ఇంటిలో పాటలు విను రేడియోకు కూడ పోస్టాఫీసులో రుసుము చెల్లించి లైసెన్సు తీసికొనవలసి యుండెడిది. ప్రసార రేడియోలకు ఆ నిర్బంధం 1980లలో తొలగినది. కాని అది ప్రజల కొరకు చేయు ప్రసారాలను విను సెట్లకే వర్తించును. 2023లో పార్లమెంటు ఆమోదించిన టెలికమ్యూనికేషన్ల చట్టం కూడ రేడియో పరికరాలు కలిగియుండుటను అనుమతికి లోబరచినది. అనధికారంగా ఇతరుల సందేశాన్ని మధ్యలో పట్టుకొన్నవారికి మూడు సంవత్సరాల వరకు కారాగారం గాని, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని నిర్దేశించినది. పోలీసు, సైన్యం, ప్రైవేటు సంస్థల సంభాషణలు వినుట సాహసకృత్యమని తలచువారు ఈ వాక్యాన్ని మరల ఒకసారి చదువవలెను.

మన విద్యార్థులలో కొందరు పై చదువులకు అమెరికా పోవుచున్నారు. అక్కడ స్కానర్ బహిరంగంగా అమ్ముదురు. వాతావరణ హెచ్చరికల కొరకే 162.400 నుండి 162.550 మెగాహెర్ట్జ్ వరకు ఏడు స్థానాలలో ప్రభుత్వ ప్రసారాలు రాత్రింబవళ్ళు సాగును. చేతి స్కానర్‌కు అక్కడ ఇంతకన్న యోగ్యమైన ఉపయోగం లేదు. అయినను అక్కడ కూడ హద్దులున్నవి. ఆ కాలపు సెల్యులర్ టెలిఫోన్ల మాటలు వినబడు స్కానర్ల తయారీని 1994లో నిషేధించిరి. వాహనంలో స్కానర్ ఉంచుటను కొన్ని రాష్ట్రాలు నియంత్రించుచున్నవి. బ్రిటన్ చట్టం ఇంకను కఠినం. ఒక దేశంలో కొన్న సెట్టును మరొక దేశంలోనికి తెచ్చుటకు ముందు అక్కడి నిబంధన తెలుసుకొనుట అవసరం. దుబాయి నుండి బంధువులు తెచ్చు కానుకలకు కూడ ఈ మాట వర్తించును.

ఇక మన విద్యార్థి కొన్నట్టి చౌక వాకీటాకీల సంగతి. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అనుమతి వివరాలు తెలుపకుండ వాకీటాకీలను అమ్ముచున్న అంతర్జాల విక్రయ వేదికలకు నోటీసులిచ్చి, అట్టి విక్రయాలపై మార్గదర్శకాలు వెలువరించినది. తక్కువ శక్తితో 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ వరకు పనిచేయు కొన్ని సెట్లకు 2018 నియమాల క్రింద లైసెన్సు మినహాయింపు ఉన్నది. అయితే ఆ సెట్టుకు పరికర ఆమోదం ఉండవలెను. ఆ హద్దులలోనే పనిచేయవలెను. అమ్మువాడు 'అన్నీ వినవచ్చును' అని చెప్పినచో, 'ఆమోదపత్రం ఏది?' అని అడుగుట కొనువాని మొదటి ధర్మం.

యంత్రపు గుణాలు

వినవలసినదియు, అర్హతయు నిర్ణయమైన పిమ్మట యంత్రాన్ని పరిశీలింతము.

మొదటిది మాడ్యులేషన్ విధానం. పౌనఃపున్యం సరిపోయినంత మాత్రాన మాట వినబడదు. విమాన పట్టీలో కంపన పరిమితిని మార్చు ఏ.ఎం. విధానం వాడుదురు. ఎఫ్.ఎం.లో ఇద్దరొకేసారి మాట్లాడినచో బలమైన సంకేతం బలహీనమైనదానిని పూర్తిగా కప్పివేయును, ఏ.ఎం.లో రెండు సంకేతాలు కలిసి ఈల వంటి ధ్వని పుట్టును గనుక మరొకరు పిలుచుచున్నారని తెలియును. ప్రాణాలతో కూడిన పనిలో ఇది చిన్న విషయం కాదు. నౌకలు, అమెచ్యూర్ చేతి సెట్లు సన్నని ఎఫ్.ఎం. వాడును. సంగీత ప్రసారాలది వెడల్పైన ఎఫ్.ఎం. వెడల్పైన దానికే తయారైన గ్రాహకంలో సన్నని ఎఫ్.ఎం. మాట నీరసంగా, గొణుగుడువలె వినబడును. కాబట్టి సెట్టు వివరపత్రంలో ప్రతి పట్టీకీ ఎదురుగా ఏ విధానం వ్రాసియున్నదో చూడవలెను.

రెండవది స్థానాల సంఖ్య, వేగం. వేయి స్థానాలు అన్న మాటకు ఎందరో మోసపోవుదురు. ఒక చిన్న లెక్క చేయుదము. సెట్టు క్షణానికి 25 స్థానాలను పరీక్షించుననుకొందము. వేయి స్థానాలు నింపినచో ఒక చుట్టు తిరుగుటకు 40 క్షణాలు పట్టును. మాట మూడు నాలుగు క్షణాలలో ముగియును. సెట్టు మరల అక్కడికి వచ్చు సరికి మాట్లాడినవారు వెళ్ళిపోయి యుందురు. అదే సెట్టులో ఎంచిన 20 స్థానాలు మాత్రమే నింపినచో ఒక క్షణంలోపే చుట్టు పూర్తియగును. ఏ మాటయు జారిపోదు. ఎక్కువ స్థానాలు గల సెట్టు ఎక్కువ వినిపించునను నమ్మకం తప్పు. స్థానాలను గుంపులుగా విభజించుకొను సదుపాయం, ముఖ్యమైన ఒక స్థానాన్ని మాటిమాటికి చూచు ప్రాధాన్య ఏర్పాటు ఉన్న సెట్టు మేలైనది.

మూడవది గ్రహణశక్తి, వరణశక్తి. బలహీనమైన సంకేతాన్ని పట్టుట గ్రహణశక్తి. దీనిని మైక్రోవోల్టులలో చెప్పుదురు. సంఖ్య ఎంత చిన్నదైన అంత మంచిది. ప్రక్క స్థానంలోని బలమైన సంకేతాన్ని త్రోసిపుచ్చుట వరణశక్తి. నగరంలో మొదటిదానికన్న రెండవదే ముఖ్యం. గ్రామంలో నిశ్శబ్దమైన ఆకాశం క్రింద చక్కగా పనిచేసిన సెట్టు, పెద్ద ప్రసార స్తంభాల నీడలో ఉక్కిరిబిక్కిరియై పోవుటను నేను చూచినాను.

ఇక్కడ ప్రతిబింబ సంకేతం అను దోషాన్ని కూడ తెలుసుకొనవలెను. పాఠ్యపుస్తకంలోని సూపర్ హెటిరోడైన్ పాఠాన్ని జ్ఞాపకం చేసికొనుడు. ఒక ఎఫ్.ఎం. గ్రాహకపు మాధ్యమిక పౌనఃపున్యం 10.7 మెగాహెర్ట్జ్ అనుకొందము. 98.3కు త్రిప్పినప్పుడు లోపలి డోలకం 109.0 వద్ద పనిచేయును. 109.0 నుండి 98.3 తీసివేసినను 10.7, 119.7 నుండి 109.0 తీసివేసినను 10.7. ఆ రెండింటినీ వేరు చేయుటకు ముందుభాగంలో మంచి వడపోత లేనిచో, 119.7 వద్దనున్న విమాన సంకేతం పాటల మధ్య గరగరమని దూరును. చౌక సెట్లలో ఒకే ప్రసారం రెండు చోట్ల వినబడుటకు కారణమిదే. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా మాత్రమే మనం చదివిన విషయం కొనుగోలులో ఎంత పనికివచ్చునో చూడుడు.

నాల్గవది ఏంటెన్నా. సెట్టుతో వచ్చు పొట్టి రబ్బరు ఏంటెన్నా జేబుకు అనుకూలం, సంకేతానికి కాదు. 300ను మెగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యంతో భాగించినచో తరంగదైర్ఘ్యం మీటర్లలో వచ్చును. 100 మెగాహెర్ట్జ్‌కు అది 3 మీటర్లు. అందులో నాల్గవ వంతు 75 సెంటీమీటర్లు. 145 మెగాహెర్ట్జ్‌కు నాల్గవ వంతు సుమారు అరమీటరు. ఈ పొడవునకు లాగదగిన ఏంటెన్నా అమర్చినచో ఖరీదైన సెట్టు చేయలేని మేలు జరుగును. కావున ఏంటెన్నా ఊడదీసి వేరొకటి అమర్చుటకు వీలున్న సెట్టునే ఎన్నుకొనవలెను.

ఏంటెన్నా కంటెను ముఖ్యమైనది ఎత్తు. ఈ పౌనఃపున్యాలు దాదాపు చూపు సాగినంత దూరమే పోవును. ఎత్తును మీటర్లలో తీసికొని దాని వర్గమూలాన్ని 4.12తో గుణించినచో రేడియో క్షితిజం కిలోమీటర్లలో వచ్చును. నేలమీద నిలిచి ఒకటిన్నర మీటరు ఎత్తున పట్టుకొన్న సెట్టుకు అది 5 కిలోమీటర్లు. 12 మీటర్ల ఎత్తు గల మేడమీద 14 కిలోమీటర్లు. గోలకొండ శిఖరం 120 మీటర్లనుకొన్నచో 45 కిలోమీటర్లు. 9,000 మీటర్ల ఎత్తున పోవు విమానానికి 390 కిలోమీటర్లు. పంపువాని క్షితిజము, వినువాని క్షితిజము కలిపినదే మొత్తం దూరం. వేయి రూపాయలు ఎక్కువ పెట్టుటకన్న నాలుగు మెట్లు ఎక్కుట లాభమని దీని భావం.

ఐదవది విద్యుత్తు. కరెంటు పోయిన రాత్రియే చేతి రేడియో విలువ తెలియు రాత్రి. 2,000 మిల్లీ ఆంపియర్ గంటల సెల్లులు నాలుగు వరుసగా అమర్చిన సెట్టు 150 మిల్లీ ఆంపియర్లు తీసికొన్నచో సుమారు 13 గంటలు నడచును. ప్రత్యేకమైన బ్యాటరీ కన్న, ఏ చిల్లర అంగడిలోనైన దొరకు సెల్లులతో నడచునది గ్రామీణ విద్యార్థికి మేలు. సెల్లులు తీసినప్పుడు జ్ఞాపకంలోని స్థానాలు చెరిగిపోరాదు.

ఆరవది డిజిటల్ ప్రసారాలు. నేడు రక్షణ, పోలీసు వంటి సేవలు అనేక చోట్ల డిజిటల్ విధానాలకు మారి, సందేశాలను గుప్తలిపిలో పంపుచున్నవి. సాధారణ స్కానర్‌లో అది బుసబుసమను శబ్దంగానే వినబడును. ఏ హంగు చేర్చినను గుప్తలిపి విడిపోదు. విడిపోవుననువాని మాట నమ్మరాదు.

అంగడిలో ఐదు నిమిషాలు

కొనునప్పుడు ఈ చిన్న పరీక్షలు చేయవచ్చును. ముందుగా సెట్టు ప్రక్కలను చూడుడు. మాట్లాడుటకు నొక్కు మీట ఉన్నచో అది ప్రసారిణి. లైసెన్సు లేనివారు అక్కడనే పెట్టి రావలెను. ఏంటెన్నా పూర్తిగా తీసి, ఎఫ్.ఎం.లో బలహీనమైన కేంద్రమొకటి పట్టి, రెండు సెట్లలో పోల్చి వినుడు. తరువాత బలమైన కేంద్రం పట్టి, అది మరెక్కడైన రెండవసారి వినబడునేమో త్రిప్పి చూడుడు. స్క్వెల్చ్‌ను నెమ్మదిగా సవరించి గరగర ఏ హద్దులో ఆగునో గమనింపుడు. ఒక స్థానాన్ని జ్ఞాపకంలో ఉంచి, సెల్లులు తీసి, మరల వేసి చూడుడు. చెవిగొట్టం పెట్టుకొను రంధ్రం ఉన్నదా అని చూడుడు. వసతిగృహంలో తోటివారి నిద్ర కూడ మన బాధ్యతయే. వివరపత్రం ఇవ్వని సెట్టును ఎంత చౌకైనను కొనరాదు.

మరి ఏది కొనవలెను?

లైసెన్సు లేని విద్యార్థికి నా సలహా సూటిగా చెప్పుదును. నేడు నీకు స్కానర్ అక్కరలేదు. మీడియం వేవ్, షార్ట్ వేవ్, ఎఫ్.ఎం. పట్టీలు గల మంచి ప్రసార రేడియో ఒకటి కొనుము. వరణశక్తి, ప్రతిబింబం, ఏంటెన్నా, ఎత్తు మొదలైన పాఠాలన్నీ దానితోనే నేర్వవచ్చును. విన్న కేంద్రం, పౌనఃపున్యం, సమయం, స్పష్టత, వాతావరణం ఒక నోటుపుస్తకంలో వ్రాయుము. ఆరు మాసాలు వ్రాసినచో నీ చెవి ఏమి కోరుచున్నదో నీకే తెలియును.

ఆ పిమ్మట కుతూహలం నిలిచియున్నచో అమెచ్యూర్ రేడియో పరీక్షకు కూర్చుండుము. 12 ఏండ్లు నిండిన వారందరూ దీనికి అర్హులు. మోర్స్ సంకేతాల పరీక్ష లేని శ్రేణి కూడ ఉన్నది. ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రం శ్రద్ధగా చదివినవానికి ఆ సిద్ధాంతం కొత్తది కాదు. 1983లో స్థాపింపబడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ మన హైదరాబాదు నగరానిదే. లైసెన్సు వచ్చిన నాడు 144–146 పట్టీ గల చేతి సెట్టు, స్కానింగ్ సదుపాయంతో సహా, సగర్వంగా చేత పట్టుకొనవచ్చును. 145.800 వద్ద అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుండి అప్పుడప్పుడు వ్యోమగాముల మాట వినబడును. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున అది మన మీదుగా పోవు పది నిమిషాలలోపున పౌనఃపున్యం కొద్దికొద్దిగా జారుటను గమనించినచో, డాప్లర్ ఫలితం పుస్తకంలో కాక చెవిలోనే బోధపడును. మన శ్రీహరికోట నుండి 2005లో ప్రయోగించిన హ్యామ్‌శాట్ ఉపగ్రహం 2014 వరకు ఇదే పట్టీలో అమెచ్యూర్ల మాటలను తిరిగి పంపినది.

కమిటీవారికి మనవి

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు పదివేల మంది మరణించిరి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు విద్యుత్తుతో పాటు చేతి ఫోన్లు కూడ మూగవోయినవి. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవులను తాకిన సమయంలో భారతీ ప్రసాద్ గారు అమెచ్యూర్ రేడియో కార్యక్రమం నిమిత్తం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండిరి. తమ కేంద్రాన్ని వెంటనే ఆపన్నుల వార్తలు చేరవేయుటకు వినియోగించిరి. ఆ సేవ యంత్రం ఒక్కటే చేసినది కాదు. యంత్రాన్ని చట్టబద్ధంగా, క్రమశిక్షణతో వాడుట ముందే నేర్చిన మనుష్యులు చేసినది. ఆపద వచ్చిన నాడు నేర్చుకొనుటకు వ్యవధి ఉండదు.

హైదరాబాదులో 1935లో డెక్కన్ రేడియో మాట్లాడ నారంభించినప్పుడు ఉర్దూతో పాటు తెలుగు కూడ ఆ తరంగాలపై పయనించినది. రెండు భాషల విద్యార్థులు ప్రక్కప్రక్కన కూర్చుండు మన కళాశాలకు ఆ వారసత్వం కొత్తది కాదు. కావున ఉత్తర్వును పూర్తిగా రద్దు చేయుమని నేను కోరుట లేదు. ఒక సవరణ కోరుచున్నాను. ప్రసారం చేయు సెట్లపై నిషేధం అట్లే ఉండనిండు. దానితో పాటు ఒక శ్రోతల సంఘానికి అనుమతి దయచేయుడు. ఒక మంచి ప్రసార రేడియో, మేడమీద కొన్ని గజాల రాగితీగ, రెండు భాషలలో వ్రాయు ఒక నోటుపుస్తకం, సంవత్సరానికి ఇద్దరు ముగ్గురు విద్యార్థుల పరీక్ష రుసుము. ఇంతకుమించిన వ్యయం లేదు.

బీరువాలోని సెట్టును గూర్చి ఆ విద్యార్థి మొన్న మరల అడిగినాడు. తిరిగి ఇమ్మని కాదు. "పరీక్షకు ఏ పుస్తకం చదువవలెను సార్?" అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పు బాధ్యత మనందరిది.